ఎవరి పాపము?

ధ్యానభాగములు: యెహెజ్కేలు 18వ అధ్యాయము, యోహాను 9:1–7

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారమున ఢిల్లీలో తెలుగు ఆరాధన ముగిసి, అందరును ఎండలో నిలిచి కుశలప్రశ్నలు వేసికొనుచుండగా ఒక యువతి నాయొద్దకు వచ్చెను. ఆమెయు ఆమె భర్తయు విశాఖ మన్యము నుండి పని నిమిత్తము రాజధానికి వచ్చినవారు. వారి ఆరేండ్ల కుమారునికి తరచుగా జ్వరము వచ్చును, కాళ్లు చేతులు భరింపరాని నొప్పితో పట్టుకొనిపోవును, కన్నులు పచ్చబడును. చివరకు ఒక ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, అది సికిల్ సెల్ వ్యాధి అనియు, వంశపారంపర్యముగా వచ్చునదనియు చెప్పి పంపిరి. అంతకు మించి వివరించువారు ఆమెకు దొరకలేదు.

నేను జీవశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొనినవాడనని ఆమెకు తెలియును. “మాస్టరుగారూ, ఇది మా పుట్టింటి రక్తములోని పాపమని మా అత్తగారు అంటున్నారండి. మా అమ్మ చేసిందా? నేను చేశానా? ఎవరు చేస్తే వీడికి తగిలింది?” అని అడిగి, సమాధానము కొరకు నా ముఖము వైపు చూచుచు నిలిచెను.

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు తమ బోధకుని అడిగినది ఇదియే. బబులోను చెరలో నున్న జనులు తండ్రులు పుల్లని ద్రాక్షలు తినగా పిల్లల పండ్లు పులిసెనని సామెత చెప్పుకొనినప్పుడు వారి హృదయములో నున్నదియు ఇదియే. మన ఇండ్లలో నేటికిని ఈ ప్రశ్న చావలేదు. బిడ్డ జబ్బుతో పుట్టినయెడల, నలుగురును మొదట వెదకునది మందును కాదు, నేరస్థుని. ఆ నేరస్థురాలు తరచుగా కోడలే అగుచుండును. కాబట్టి వంశపారంపర్యముగా ఒక వ్యాధి వచ్చుట అనగా నిజముగా ఏమి జరుగుట? అందులో పాపమునకు చోటెక్కడ? ఈ రెండు సంగతులను నిదానముగా ఆలోచింపవలసియున్నది.

మన దేహములోని ప్రతి జీవకణమునందును, కొన్నింటిని మినహాయించి, ఒక గ్రంథమున్నది. దానికి డి.ఎన్.ఏ. అని పేరు. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి మనకు లభించును. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరములున్నవి. అయితే ఆ లిపిలో ఉన్న అక్షరములు నాలుగే: ఏ, టి, జి, సి. ఏ ఎదుట ఎల్లప్పుడును టి నిలుచును. జి ఎదుట ఎల్లప్పుడును సి నిలుచును. 1953లో వాట్సన్, క్రిక్ అనువారు, రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఎక్స్‌రే చిత్రముల ఆధారముతో కూడ, ఈ జంటపేటల నిర్మాణమును లోకమునకు వెల్లడించిరి.

పాతకాలపు అచ్చుకూటమును చూచినవారికి దీని మర్మము సులభముగా బోధపడును. సీసపు అచ్చు తిరగవ్రాతగా ఉండును. కాగితముపై పడినది సరియైన వ్రాతగా ఉండును. ఒకటి యున్నచో రెండవదానిని తయారు చేయవచ్చును. జీవకణము రెండుగా చీలవలసి వచ్చినప్పుడు జంటపేటలు విడిపోవును. ప్రతి పేటయు తన ఎదుట నిలువవలసిన అక్షరములను పిలుచుకొనును. ఈ విధముగా ఒక గ్రంథము రెండగును. ప్రతిదానిలోను ఒక పాత పేటయు ఒక క్రొత్త పేటయు ఉండును. 1958లో మెసెల్సన్, స్టాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగపూర్వకముగా ఋజువు చేసిరి.

అచ్చుకూటములో ప్రూఫులు దిద్దువాడు ఉన్నట్లే, ఈ నకలు చేయు పనిలోను దిద్దుబాటు ఉన్నది. అక్షరములను పేర్చు ఎంజైము సుమారు లక్ష అక్షరములకు ఒకసారి పొరపడును. వెంటనే అదియే వెనుకకు తిరిగి ఆ తప్పును తీసివేయును. దాని కన్ను దాటిపోయిన తప్పులను మరికొన్ని ఎంజైములు వెదకి సరిదిద్దును. ఈ మరమ్మతు విధానములను కనుగొనినందుకు 2015లో లిండాల్, మోడ్రిచ్, సంకార్ అను ముగ్గురికి నోబెల్ బహుమానము లభించెను. ఇన్ని దిద్దుబాట్ల తరువాత సుమారు వంద కోట్ల అక్షరములకు ఒక్క తప్పు మాత్రమే మిగులును. ఏ అచ్చుకూటము ఇంత నమ్మకముగా పనిచేసినది? అయినను తప్పు బొత్తుగా లేకపోలేదు. మన పెద్దలు ముద్రారాక్షసమని పిలిచిన ఆ దయ్యము ఇక్కడ కూడ అరుదుగా తొంగిచూచుచునే యున్నది.

ఇక ఈ గ్రంథమును చదువుట ఎట్లు? ఈ భాషను విప్పి చెప్పినవారిలో ఒకడు ఢిల్లీ నగరపు వేదనను ఎరిగినవాడు. హరగోవింద ఖొరానా 1922లో అవిభక్త పంజాబులోని రాయపూరు అను కుగ్రామములో పుట్టెను. ఆ గ్రామ జనాభా నూరుమంది. అతని తండ్రి పట్వారీ, అనగా మన తెలుగునాట కరణము వంటివాడు. ఆ ఊరిలో చదువు వచ్చిన కుటుంబము దాదాపు అది ఒక్కటియే. లివర్‌పూల్‌లో పట్టము పొంది 1949లో ఖొరానా స్వదేశమునకు వచ్చునప్పటికి, దేశవిభజన వలన అతని కుటుంబము శరణార్థులై ఢిల్లీకి చేరియుండెను. తగిన ఉద్యోగము దొరకక అతడు మరల ఇంగ్లండునకు వెళ్లెను. ఆ తరువాత కెనడాలోను అమెరికాలోను పనిచేసి, జన్యుభాషను విప్పినందుకు 1968లో నైరెన్‌బర్గ్, హోలీలతో కలిసి నోబెల్ బహుమానము పొందెను. భూమి లెక్కల నకళ్లు వ్రాసిన ఇంటిలో పుట్టిన బాలుడు జీవుల నకళ్లను చదువగలవాడాయెను.

కరణముగారి కచేరీ ఉపమానముగా ఇక్కడ మనకు పనికివచ్చును. అసలు దస్తావేజు కచేరీ దాటి బయటకు రాదు. అవసరమైనవానికి నకలు మాత్రమే ఇత్తురు. ఆలాగే డి.ఎన్.ఏ. గ్రంథము కణకేంద్రకములోనే భద్రముగా నుండును. ఒక మాంసకృత్తు కావలసి వచ్చినప్పుడు దానికి సంబంధించిన పుట మాత్రమే ఆర్.ఎన్.ఏ. అను నకలుగా వ్రాయబడి కేంద్రకము వెలుపలికి వచ్చును. అందులో టి అక్షరమునకు మారుగా యు అక్షరము వాడబడును. వెలుపల రైబోసోము అను పనిముట్టు ఆ నకలును మూడేసి అక్షరముల చొప్పున చదువును. ప్రతి మూడక్షరముల మాటయు ఒక అమైనో ఆమ్లమునకు పేరు. హమాలీల వంటి చిన్న ఆర్.ఎన్.ఏ.లు ఆయా అమైనో ఆమ్లములను మోసికొని వచ్చి, తమ వంతు వచ్చినప్పుడు దించును. అవి పూసలవలె ఒకదానికొకటి కూర్చబడి మాంసకృత్తు అగును. మొత్తము 64 మాటలలో 61 మాటలు 20 అమైనో ఆమ్లములను తెలుపును. మిగిలిన మూడును వాక్యము ముగిసినదని తెలుపు గురుతులు.

1961లో నైరెన్‌బర్గ్, మాథీ అనువారు యు అక్షరము మాత్రమే వరుసగా నున్న ఆర్.ఎన్.ఏ.ను ఇచ్చినప్పుడు, ఒక్క ఫినైల్ అలనీన్ పూసలతోనే దండ తయారాయెను. ఆ విధముగా మొదటి మాట తెలిసెను. ఖొరానా యు, సి అక్షరములను ఒకటి విడిచి ఒకటిగా కూర్చి పంపినప్పుడు, సెరీన్, ల్యూసీన్ అను రెండు పూసలు ఒకటి విడిచి ఒకటిగా వచ్చెను. మూడక్షరముల లెక్క సరియైనదని దీనివలన రూఢియాయెను. బూజునకును, వేపచెట్టునకును, ఏనుగునకును, మనిషికిని ఈ నిఘంటువు దాదాపు ఒక్కటియే. రాజునకు వేరు లిపి, కూలివానికి వేరు లిపి లేదు.

ఇప్పుడు ఆ పిల్లవాని సంగతికి వత్తము. రక్తమునకు ఎర్రదనమిచ్చి, ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును మోయు మాంసకృత్తు హీమోగ్లోబిన్. ఒక్కొక్క ఎర్ర రక్తకణములో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులున్నవి. అందులోని బీటా పేటలో 146 పూసలు. దాని పాఠము 11వ క్రోమోసోముపై నున్నది. ఆ పాఠములో ఆరవ పూసను తెలుపు మాట జి, ఏ, జి. దానివలన గ్లుటామిక్ ఆమ్లము రావలెను. సికిల్ సెల్ ఉన్నవారిలో నడిమి అక్షరము మారి జి, టి, జి అగును. అప్పుడు వాలీన్ వచ్చును. మారినది ఒక్క అక్షరము! తెలుగులో “దయ” అను చోట “లయ” అని అచ్చు పడినచో మాట పొడవు మారదు, పుట అందము చెడదు; అర్థము మాత్రము ప్రాణాంతకమగును. ఇదియు ఆలాటిదే. ప్రాణవాయువును విడిచిన వెంటనే ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకొని పొడవైన కడ్డీలగును. గుండ్రముగా మెత్తగా ఉండవలసిన కణము వంగి కొడవలివలె అగును. అది సన్నని రక్తనాళములలో అడ్డుపడినప్పుడు పిల్లవాడు నొప్పితో కేకలు వేయును. సుమారు 120 దినములు బ్రదుకవలసిన కణము 10 నుండి 20 దినములలోనే నశించును గనుక రక్తము క్షీణించును.

వైద్యులు ఈ వంకర కణములను గూర్చి మొదట ప్రకటించినది 1910లో, అమెరికాలో. 1949లో పాలింగ్ ఇది అణువులోని వ్యాధి యని చెప్పెను. కొలది సంవత్సరములకు ఇంగ్రమ్ కేంబ్రిడ్జిలో ఆ ఒక్క పూస మార్పును కనుగొనెను. మన దేశములో 1952లో నీలగిరి ప్రాంతపు గిరిజనులలో దీనిని గుర్తించిరి. మధ్యభారతపు గిరిజన ప్రాంతములలోను, మన తెలుగు రాష్ట్రముల ఏజెన్సీలలోను ఇది ఉన్నది.

ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. “పాపపు రక్తము” అని మనము తేలికగా అను మాటను ఈ అక్షరముల ఎదుట నిలిపి చూడవలెను. పాపమునకు చిత్తము కావలెను. తెలిసియు తప్పిన మనస్సు కావలెను. ఎన్నో వేల సంవత్సరముల క్రిందట, పేరు తెలియని ఎవరి దేహములోనో, ఒక ఎంజైము ఒక అక్షరమును తప్పుగా పేర్చినది. ఆ ఎంజైమునకు చిత్తము లేదు. ఆ దేహము గలవానికి ఆ సంగతియే తెలియదు. ఇందులో నేరస్థుడెవడు?

అంతే కాదు. ఇది ఒక్క వైపు నుండి వచ్చు వ్యాధి కాదు. తల్లి ఇచ్చిన ప్రతిలోను తండ్రి ఇచ్చిన ప్రతిలోను ఆ అక్షరము మారియున్నప్పుడే బిడ్డకు సికిల్ సెల్ రక్తహీనత వచ్చును. ఒక్క ప్రతిలోనే మారినచో ఆ మనిషి వాహకుడు మాత్రమే. సాధారణముగా ఆరోగ్యముగానే జీవించును. వాహకులైన ఇద్దరు దంపతులైనప్పుడు, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు, వాహకమగుటకు నాలుగింట రెండు వంతులు, రెండును లేకుండుటకు నాలుగింట ఒక వంతు అవకాశమున్నది. కాబట్టి కోడలి వైపు వ్రేలు చూపువారు అదే వ్రేలును కుమారుని వైపును చూపవలసియుండును.

మరియొక సంగతి. వ్యాధి లేదని అతిశయించు మనలో ప్రతివానియందును, తల్లిదండ్రులిద్దరిలోను లేని క్రొత్త అక్షరమార్పులు సుమారు 60 నుండి 70 వరకు ఉన్నవని పరిశోధనలు తెలుపుచున్నవి. వాటిలో పెక్కు హాని చేయని చోట పడినవి గనుక మనము క్షేమముగా నున్నాము. నిర్దోషమైన ప్రతి ఈ భూమిమీద ఎవరియొద్దను లేదు. ఆ బిడ్డకును మనకును గల భేదము పవిత్రతలో కాదు. తప్పు పడిన చోటులో మాత్రమే.

అయితే ఒకరు నన్నడుగవచ్చును: “ధర్మశాస్త్రములో తండ్రుల దోషము మూడు నాలుగు తరముల వరకు వచ్చునని లేదా?” ఉన్నది, నిర్గమకాండము 20వ అధ్యాయములోనే ఉన్నది. ఆ మాటను నేను కప్పిపుచ్చను. త్రాగుబోతు తండ్రి అప్పు పిల్లలు తీర్చుచున్నారు. దొంగ ఇంటి పేరు మనుమలు మోయుచున్నారు. ఒకని క్రియల ఫలము మరియొకని ఇంటి గడప దాటునని అనుభవము చెప్పుచున్నది. అయితే ఆ మాట దేవుని ద్వేషించువారిని గూర్చి చెప్పబడినది. రక్తపరీక్ష ఫలితమును గూర్చి కాదు. యెహెజ్కేలు ప్రవక్త దీనిని తేటపరచెను: తండ్రి దోషము కుమారుని లెక్కలో వ్రాయబడదు, ఎవని నడత వానిదే. వారసత్వము వేరు, దోషిత్వము వేరు. పండ్లు పులియుట నిజమే కావచ్చును; పులిసిన పండ్లుగల బిడ్డను ద్రాక్షలు దొంగిలించినవానిగా ఎంచుట మాత్రము అన్యాయము.

ఇంకను కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. సృష్టికర్త ఈ నకలు పనిలో తప్పునకు చోటు ఎందుకిచ్చెను? కొంత సమాధానము శాస్త్రమునందున్నది. ఈ మారిన అక్షరము ఒక్క ప్రతిలో నున్నవారికి తీవ్రమైన మలేరియా నుండి రక్షణ కలదని 1954లో ఆలిసన్ చూపెను. మలేరియా ప్రబలిన మన్యములలో ఈ అక్షరము నిలిచియుండుటకు కారణమదియే. ఎన్ని తరముల పసిపిల్లలు దీనివలన బ్రదికిరో! అయితే ఈ లెక్క తల్లి ఒడిలో ఏడ్చుచున్న బిడ్డకు సమాధానము కాదు. అనేకులు బ్రదికిరి గనుక నీవు బాధపడుము అని ఏ బిడ్డతోను మనము చెప్పలేము. ఇక్కడ మౌనముగా నుండుటయే భక్తి.

ప్రభువు ఏమి చేసెనో గమనించుడి. పుట్టు గ్రుడ్డివాని యెదుట ఆయన “ఎందుకు” అను దానికి ఉపన్యాసమియ్యలేదు. వీడును పాపము చేయలేదు, వీని కన్నవారును చేయలేదు అని శిష్యుల నోరు మూసి, పగలుండగానే చేయవలసిన క్రియలను గూర్చి మాటలాడెను. వెంటనే వంగి, నేలమీది మట్టిని తడిపి, వాని కన్నులకు పూసెను. శిష్యుల ప్రశ్న వెనుకకు చూచుచుండెను: ఎవరివలన? ఆయన క్రియ ముందుకు చూచుచుండెను: ఇప్పుడేమి చేయవలెను?

నేడు మన ఎదుట నున్న మట్టి ఏది? పరీక్ష చేయించుకొనుట, మందు ఇప్పించుట, వివాహమునకు ముందు నిజము చెప్పుకొనుట. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము ప్రారంభింపబడెను. గిరిజన ప్రాంతములలో 7 కోట్లమందిని పరీక్షించుట, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించుట దాని గురి. హైడ్రాక్సీయూరియా అను మందు వైద్యుని పర్యవేక్షణలో వాడినచో అనేకులకు నొప్పి దాడులు తగ్గుచున్నవి. ఢిల్లీలోని జీనోమిక్స్ పరిశోధన సంస్థలో 2009లో ఒక భారతీయుని సంపూర్ణ జన్యుపాఠమును మొదటిసారిగా మన దేశములో చదివిరి. అదే సంస్థలో క్రిస్పర్ పద్ధతిపై రూపొందిన సికిల్ సెల్ చికిత్సను, గిరిజన వీరుడైన బిర్సా ముండా పేరిట “బిర్సా 101” అని 2025 నవంబరులో ప్రకటించిరి. పాఠమును చదువుట నేర్చిన మనుష్యుడు దానిని దిద్దుటకును చేయి చాపుచున్నాడు. ఇట్టి చికిత్సలు పరీక్షలన్నిటిని దాటి బీదవాని గడపకు చేరువరకు మనము ప్రార్థింపవలెను, అడుగవలెను.

అయితే దిద్దు చేతికిని ఒక హద్దు కావలెను. రోగి తన దేహములోని రక్తకణములను సరిచేయించుకొనుట ఒకటి; ఇంకను పుట్టని తరముల గ్రంథమును, వారి సమ్మతి లేకుండ, తిరిగి వ్రాయుట వేరొకటి. 2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు పిండదశలో జన్యువులు మార్చి కవలలను పుట్టించినందుకు, మరుసటి సంవత్సరము అతనికి మూడేండ్ల శిక్ష పడెను. భారత వైద్య పరిశోధన మండలి 2019లో ప్రచురించిన మార్గదర్శకములు మన దేశములో అట్టి మార్పులను నిషేధించుచున్నవి. కనికరముతో దిద్దువాడు వైద్యుడు. తనకు నచ్చిన మనుష్యులను వ్రాయగోరువాడు వైద్యుడు కాడు.

ఇక పాపమునకు చోటెక్కడ అను ప్రశ్నకు నేను తెలిసికొనిన సమాధానమిది. అక్షరదోషమునందు పాపము లేదు. దానిని తెలిసియు మరుగుచేసి సంబంధము కలుపుకొనుటలో ఉన్నది. వాహకురాలను కారణముచేత ఆరోగ్యవతియైన కన్యను తృణీకరించుటలో ఉన్నది. ఆమె వాహకుడు కానివానిని పెండ్లాడినచో వారి బిడ్డలలో ఎవరికిని ఆ రక్తహీనత రాదు గదా! నొప్పితో నున్న బిడ్డను విడిచి, నేరస్థుని వెదకుటలో ఉన్నది.

ఆ ఆదివారము నేను ఆరాధన క్రమపత్రము వెనుకవైపున రెండు గుండ్రములు గీచి, వాటి క్రింద నాలుగు గుండ్రములు గీచి ఆమెకు వివరించితిని. ఆమె ఆ కాగితమును మడిచి బైబిలులో పెట్టుకొనెను. తరువాతి వారము భర్తయు అత్తగారును కూడ వచ్చిరి. ఆ పెద్దామె ఆ కాగితమును నా చేతికిచ్చి, “అయితే నా కొడుకు రక్తంలో కూడా ఉందా బాబూ?” అని అడిగెను. “ఉన్నదమ్మా. మీ నుండియో, మీ భర్తగారి నుండియో వచ్చియుండును. అందులో మీ తప్పేమియు లేదు” అంటిని.

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట చేతులు చాచి, కోడలి చంకలో నున్న మనుమని తన ఒడిలోనికి తీసికొనెను. “వీడికి మందు ఎక్కడ ఇస్తారు?” అని అడిగెను.

ప్రశ్న మారినది. మన ఇండ్లలోను, మన సంఘములలోను ఆలాగే మారును గాక.